గడప లోపలికి వచ్చిన కుక్కపిల్ల

పుంగనూరు నుంచి మదనపల్లెలోని మా ఇంటికి కుక్కపిల్లను తెచ్చిన కొత్తలో రోజూ హాల్లో తడే. ఒకరోజు కోపం పట్టలేక ఒక్కటేశాను. ఆ తర్వాత నన్ను చూస్తే చాలు, మంచం కిందికి దూరేది. మనసు చివుక్కుమంది.

కుప్పంలో మా అవ్వ కూడా కుక్కను పెంచింది. దాని చోటు వాకిలే. ఇది నేర్పాల్సిన పనే అవ్వకు పడలేదు.

కుప్పం దాటితే ఒకవైపు కర్ణాటక, ఒకవైపు తమిళనాడు. కర్ణాటకలోని ఆతకూరులో అడవిపందితో పోరాడి చచ్చిన ‘కాళి’ అనే వేటకుక్క కథను క్రీ.శ. 950 ప్రాంతంలో రాతిమీద చెక్కించారు. తమిళనాడులోని ఎడుత్తనూరులో దొంగలను కరిచిన ‘కోవివన్’ అనే కుక్క 7వ శతాబ్దపు వీరగల్లు మీద యజమాని పక్కనే ఉంది.

వేటా, కాపలా కుక్కకు పాత పనులు. నున్నటి టైల్స్ మీద బతకడం కొత్త. లోపలికి తెచ్చింది మనం. మరి ఓపిక ఎవరికుండాలి, చెప్పండి?

ఇప్పుడు నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్తున్నాను. పని కాగానే మెచ్చుకుంటాను. లోపల చేస్తే మాట్లాడకుండా తుడిచేస్తాను.

ఈ ఉదయం అదే వచ్చి నా చీర కుచ్చిళ్ళు లాగింది, పెరటి తలుపు తీయమని.