మన ఇండ్లలోనికి మంచము వచ్చిన కథ

ఉగాది ఇంక నాలుగు రోజులున్నదనగా మన వాడలలో మంచాలు వీధిలోనికి వచ్చుట చిన్ననాటినుండి చూచినవారమే. ఇంటికి సున్నము వేయవలెను, సామానంతయు బయట పెట్టవలెను, మంచపు కోళ్ళ సందులలో మరుగునీళ్ళు పోసి నల్లులను చంపవలెను. నవ్వారు విప్పి, ఉతికి, ఆరవేసి, సాయంకాలము ఇద్దరు ఎదురెదురుగ కూర్చుండి మరల అల్లెడివారు. పిల్లలకు అది పండుగకు ముందు పండుగ. ఈ సంవత్సరము మా వీధిలో ఒకే ఒక మంచము బయటికి వచ్చినది. మిగిలినవి రాలేదు, రాజాలవు. పెట్టెవంటి ఈనాటి మంచము గదిలోనే బిగించినది, గదిలోనే ఉండవలసినది. విప్పనిదే తలుపు దాటదు. బయటికి వచ్చిన ఆ ఒక్కదాని సంగతి చివర చెప్పెదము.

ఉగాది సంచికకు మంచము కథ ఏమిటని చదువరులు నవ్వవచ్చును. మనవారు షోలాపురము చేరిన తీరు, మిల్లుల కథ, మార్కండేయుని రథము ఇవన్నియు ఎన్నోమారులు వ్రాయబడినవి. కాని దేశమంతట మంచాలమీద పరచుకొను చద్దరు, కప్పుకొను చద్దరు మన చేతులలో పుట్టినవి గదా. షోలాపురము చద్దరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. అంత పేరుగల చద్దరు నేసినవారి ఇండ్లలో మంచమెప్పుడు వచ్చినది, ఏ కొలతతో వచ్చినది అని ఎవరును అడుగలేదు. మేము అడిగి చూచితిమి. పెద్దలు చెప్పినది కొంత, పుస్తకములలో దొరికినది కొంత, మా ఇంట జరిగినది కొంత ఇక్కడ వ్రాయుచున్నాము.

మంచము మన దేశమునకు క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచములకై ఒక అధ్యాయమునే కేటాయించినాడు. శ్రీగంధము, టేకు, దేవదారు మొదలయిన కఱ్ఱలు మంచివి. పిడుగు పడినవి, గాలికి కూలినవి, పక్షుల గూళ్ళున్నవి పనికిరావు అన్నాడు. కొలతలు కూడ చెప్పినాడు. రాజుగారి మంచము పొడవు నూరు అంగుళములు. రాజకుమారునకు 90, మంత్రికి 84, సేనాపతికి 78, పురోహితునకు 72. ఈ అంగుళము మన టేపుమీది అంగుళము కాదు, ఎనిమిది యవల గింజలను ప్రక్కప్రక్కన పేర్చిన కొలత. ఇరువదినాలుగు అట్టివి ఒక మూర. మూరను పదునెనిమిది ఇంచీలుగ లెక్కించినచో రాజుగారి మంచము సరిగ్గా 75 ఇంచీలు తేలుచున్నది. ఈనాడు పరుపుల దుకాణములో అమ్ము పొడవులు మూడు: 72, 75, 78. రాజుగారిది నడిమిది! సామాన్యులమైన మనము మూడించీలు ఎక్కువ పొడవుగల పరుపుమీద పండుకొనుచున్నాము. మంచపు కోళ్ళ ఎత్తు పొడవులో మూడవవంతు ఉండవలెనని కూడ ఆయన వ్రాసినాడు. అనగా రాజుగారి మంచము 25 ఇంచీల ఎత్తు. ఈ అంకెను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను, దీనితో మాకు ముందు పనియున్నది.

పదునాలుగవ శతాబ్దములో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా అను మొరాకో దేశపు యాత్రికుడు మన మంచములను చూచి మెచ్చుకొన్నాడు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, నడుమ పట్టుతోనో నూలుతోనో అల్లిన పట్టీలు. ఒక మనిషి ఎత్తుకొని పోవచ్చును. బాటసారి తన మంచమును సేవకుని నెత్తిన పెట్టించుకొని పోవును. దానిమీద మెత్తదనమునకు వేరే ఏమియు అక్కరలేదు అని వ్రాసినాడు. ఇంగ్లీషువాడు వాడు ‘కాట్’ అను మాట మన ఖాటు నుండి పోయినదే. పరుపునకు అడుగున ఏమి ఉండవలెనను ప్రశ్న ఆనాడు లేదు. అల్లికయే అడుగు, అల్లికయే మెత్త.

అయితే సేవకుడున్నవాని సంగతి అది. తెలంగాణములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి షోలాపురము వచ్చిన మన తాత ముత్తాతల నెత్తిమీద మంచములు లేవు. ఇక్కడ 1877లో పెద్ద మిల్లు మొదలయినది. ఆ సంవత్సరములలోనే దక్కనులో గొప్ప కరవు. ఆ తరువాత రెండు మూడు తరములపాటు మనవారు వచ్చుచునే ఉన్నారు. మా తాతగారు తెచ్చినవి ఒక గొంగడి, ఒక ఈతచాప, రెండు కంచు చెంబులు అని మా ఇంట చెప్పుకొందురు. గొంగడి చలికి కప్పు, వానకు గొడుగు, రాత్రికి పరుపు. ఊళ్ళో ఇంటి ముందర వేపచెట్టు క్రింద నులక గడంచ ఉండెడిదట. అది అన్నగారి పాలికి వచ్చినది, ఊళ్ళోనే ఉండిపోయినది.

ఇక్కడ తూర్పు భాగములో దొరికిన గదిలో మొదట మగ్గమునకు చోటు చూడవలెను. గుంట త్రవ్విన తరువాత మగ్గము కదలదు. మనుష్యులు కదలుదురు. మగ్గముచుట్టు మిగిలిన నేలలో ఎవరు ఎక్కడ పండుకొందురో లెక్క ఉండెడిది: పొయ్యి దగ్గర పిల్లలతో తల్లి, గడప దగ్గర తాత, మగవారు ఎండకాలమంతయు వీధి అరుగుమీద. తెల్లవారగానే చాపలు చుట్టి గోడకు ఆనించినచో గది మరల కార్ఖానా అయ్యెడిది. అందువలన మంచము లేకపోవుట బీదతనము మాత్రమే కాదు. ఆ గదిలో మంచము పనికి అడ్డము. ముంబయి పోయినవారిది ఇంకొక లెక్క. అక్కడ 1920లలో సర్కారు కట్టించిన బి.డి.డి. చాళ్ళలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఈనాటి ఆరున్నర అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుగల పరుపు వేసినచో 39 చదరపు అడుగులు దానికే పోవును. కుటుంబమంతయు మిగిలిన ముప్పాతికలో వండుకొని, తిని, బ్రతుకవలెను.

మన ఇండ్లకు మొదటి మంచము కోడళ్ళతో వచ్చినది. చేతిమగ్గములు తగ్గి మరమగ్గములు వేరే షెడ్లలో వెలసిన తరువాత గదిలో కొంత నేల ఖాళీ అయినది. అప్పుడు పెండ్లి సామానులో బిందె, బిస్తరులతోపాటు మంచము కూడ చేరినది. మొదట ఆరడుగులు మూడడుగుల నవ్వారు మంచము. తరువాత వియ్యాలవారి మాట దక్కుటకై ఆరు నాలుగు. ఈ ‘ఆరు నాలుగు’ ఎవరి ఒంటిని కొలిచి పెట్టినదియు కాదు. ఆరడుగులు గోడకు సరిపోవును, నాలుగడుగులు దాటినచో తలుపు తెరచుకొనదు. ఇద్దరు పండుకొనునప్పుడు ఒక్కొక్కరికి రెండడుగులు, అనగా రైలు బెర్తు. నడుమ పసిబిడ్డ చేరినదా, తండ్రి మరల చాపమీదికే. మా ఇంట అట్లే జరిగినది.

దానిమీదికి దూదిపరుపు. దూదేకులవారిని ఇక్కడ పింజారీలందురు. విల్లు భుజాన వేసుకొని, నారి మీటుచు వీధిలోనికి వచ్చినచో ఆ శబ్దమునకు ఇల్లిల్లు లేచెడిది. పాత పరుపు విప్పి, ఉండకట్టిన దూదిని ఏకి, మరల నింపి, కుట్టు వేసి పోయెడివారు. దూదిపరుపు పలుచనిది, క్రింద నవ్వారు ఎట్లుంగితే అట్లుంగును. రెండును ఒండొంటికి తగినవి. రెండింటికిని ఏటేటా సేవ కావలెను: నవ్వారు బిగించుట, దూది ఏకించుట. ఆ సేవ మానిననాడు మంచము కుక్కిమంచము అగును, నడుము పట్టుకొనును.

1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీవారు రబ్బరు పాలను నురుగుగ గిలకొట్టి పరుపు చేయు ఉపాయము కనుగొన్నారు. మన ఇండ్లకు ఆ రబ్బరు పరుపు, కొబ్బరిపీచుకు రబ్బరు పట్టించిన పరుపు, తరువాత స్ప్రింగు పరుపు రావడానికి చాల కాలము పట్టినది. వీనితో ఒక క్రొత్త చిక్కు వచ్చినది. ఈ పరుపులకు సమముగానుండు అడుగు కావలెను. మనవారు అది తెలియక, పాత నవ్వారు మంచము పాడుచేయనేల అని, దానిమీదనే మందపు పరుపు వేసినారు. ఏడాది తిరుగకుండ పరుపు దొన్నె అయినది. తప్పు పరుపుది అనుకొన్నారు. నురుగు పరుపునకు చెక్క బద్దలు వేయించినచో వాని నడుమ సందు మూడించీలు మించరాదు. పూర్తి పలక వేయించినచో గాలి పోవుటకు రంధ్రములుండవలెను, లేనిచో వానకాలములో అడుగున బూజు పట్టును. అయిదడుగులు దాటిన వెడల్పుగల మంచమునకు నడుమ ఒక దూలము, దానికొక కోడు తప్పనిసరి. ఈ అయిదవ కోడు విషయములో వడ్రంగితో బేరమాడరాదు.

ఇక మా ఇంటి సంగతి. కొన్ని ఏండ్ల క్రిందట మా పిల్లలు, మేము కలిసి మా తల్లిగారికి గొప్ప మంచము కొన్నాము. ఆమెకు అప్పటికి 80 దాటినవి. జన్మమంతయు బీడీలు చుట్టి, చాపమీదను, తరువాత తన పెండ్లినాటి నవ్వారు మంచముమీదను పండుకొన్న మనిషి. దుకాణమునకు పోయి అన్నిటికంటె పెద్దది, అన్నిటికంటె మందమైనది ఎంచినాము. పరుపు మెట్లమలుపులో ఇరుక్కొన్నది. నలుగురు కూడి పై అంతస్తునకు చేర్చినారు. పెట్టె అడుగు 18 ఇంచీలు, పరుపు 8 ఇంచీలు, మొత్తము 26. మా తల్లిగారు దానిని చూచి, “ఇది మంచము గాదురా, మంచె. జొన్నచేనికి కావలి పండుకొన్నట్లున్నది” అన్నది. నవ్వినాము. మూడవ నెలలో ఒక తెల్లవారుజామున దిగబోయి, కాలు నేలకందక జారిపడినది. మణికట్టు విరిగినది.

దుకాణమువారిని అనుటకు లేదు. మేము గది కొలిచినాము, తలుపు కొలిచినాము, ఆమె మోకాలి ఎత్తు కొలువలేదు. తరువాత కొలిచితిమి: 17 ఇంచీలు. వరాహమిహిరుని రాజమంచము 25 ఇంచీలన్నాము గదా. రాజుకు ఎక్కుటకు పాదపీఠము, పట్టుకొనుటకు మనుష్యులు ఉందురు. మా ఇంట నడిరాత్రి లేచు ముసలితల్లికి ఆ రెండును లేవు.

ఆ మంచము మేము తీసికొంటిమి. ఆమెకు వడ్రంగిచేత 13 ఇంచీల ఎత్తున, మూడడుగుల వెడల్పున బద్దల మంచము చేయించి, నాలుగించీల పీచుపరుపు వేసితిమి. కూర్చున్నచో పాదములు రెండును నేలకు ఆనెడివి. దానిమీద ఆమె మరి ఆరేండ్లు పండుకొన్నది. మరల పడలేదు.

అప్పటినుండి ఎవరు పరుపు కొనబోవుచున్నను మేము పిలువని పేరంటమువలె పోయి కొలత చెప్పుచున్నాము. ఇంటిలో అందరికంటె పొడవైనవాని ఎత్తుకు ఆరించీలు కలిపి పొడవు చూడుడు. ఇద్దరికైనచో అయిదడుగుల వెడల్పు కావలెను. పసిబిడ్డ ఉన్నచో ఆరు. మంచము వేసిన తరువాత రెండు వైపులను మనిషి నడుచుటకు రెండడుగులు మిగులవలెను. మిగులనిచో చిన్నది కొనుడు. అడుగు, పరుపు కలిపి మోకాలి ఎత్తు. దుకాణములో చెప్పులు విడిచి, సిగ్గుపడక, పది నిమిషములు పండుకొని చూడుడు. పరుపు మంచపు లోకొలతకు తీసికొనవలెను గాని పైకొలతకు కాదు. మెట్రిక్కు చట్టము 1956లో వచ్చినను పరుపులవాడు నేటికిని ఇంచీలలోనే మాట్లాడుచున్నాడు; సెంటీమీటర్లలో వ్రాసిపోయినచో పొరబాటు జరుగును.

నేతగాని లెక్క ఒకటి కూడ చెప్పెదము, ఇది ఏ దుకాణమువాడును చెప్పడు. ఒంటి మంచపు దుప్పటి 60 ఇంచీల వెడల్పున నేయుట వాడుక. మూడడుగుల పరుపు నాలుగించీల మందమైనచో, రెండు ప్రక్కలు కలిసి 44 ఇంచీలు పోగా, ఒక్కొక్కవైపు దోపుటకు ఎనిమిది ఇంచీలు మిగులును. అదే పరుపు ఎనిమిది ఇంచీల మందమైనచో నాలుగే మిగులును. అర్ధరాత్రికి దుప్పటి కాళ్ళదగ్గర ఉండచుట్టుకొనును. ఇక ఆరడుగుల వెడల్పు, ఎనిమిదించీల మందము పరుపునకు 90 ఇంచీల దుప్పటి వేసినచో వైపునకొక్క ఇంచీ. దుప్పటి కురుచ అని మనలను తిట్టుదురు. పరుపు లావెక్కినదని ఎవరును అనరు.

మొదట చెప్పిన మంచము మా తల్లిగారి పెండ్లినాటిది. ఆరు మూడు, టేకు కోళ్ళు, తలవైపు పట్టెమీద మేనమామ చెక్కించిన చిలుక. ఇన్నాళ్ళు అటకమీద ఉండినది. మొన్న దించి వీధిలో వేసి, అలవాటుకొద్దీ సందులలో మరుగునీళ్ళు పోసితిమి. నల్లులు లేవు. ప్రక్కింటి పిల్లలు చుట్టు చేరి ఇది ఏమిటని అడిగినారు. విప్పి ఉతికిన నవ్వారు అల్లుచుండగా కాళ్ళవైపున రెండు గజములు తక్కువపడినది. బజారులో అడిగితే ప్లాస్టిక్కుది మాత్రమే ఉన్నదన్నారు. నూలుది నేసి యిచ్చెదనని మరమగ్గము షెడ్డులో ఒక మిత్రుడు మాట యిచ్చినాడు. పండుగలోపల వచ్చునేమో చూడవలెను.