అటువాన్ ఎడారి: ఎర్త్‌సీలో నీరూ పేరూ

ఎర్త్‌సీ ద్వీపలోకానికి ఈశాన్యపు అంచున ఉన్న నాలుగు కార్గ్ దీవుల్లో అటువాన్ ఒకటి. ఉర్సులా కె. లె గ్విన్ 1971లో వెలువరించిన 'ద టూంబ్స్ ఆఫ్ అటువాన్' దాదాపు పూర్తిగా ఆ దీవిలోని ఎడారిలో జరుగుతుంది. అయినా విమర్శ ఆ ఎడారి మీద నిలవకుండా తిన్నగా అక్కడి సమాధుల కింది చిక్కుదారుల్లోకి దిగిపోయింది. యూంగ్ దృష్టితో చదివినవారికి ఆ చీకటి అచేతన మనసు; మరికొందరికి అది స్త్రీ దేహం. పైనున్న ఎండునేల ఎవరికీ పట్టలేదు.

ఈ దారి చూపింది రచయిత్రే. 1973 నాటి 'డ్రీమ్స్ మస్ట్ ఎక్స్‌ప్లెయిన్ దెమ్‌సెల్వ్స్' వ్యాసంలో, నవల విషయం ఒక్కమాటలో లైంగికత అని ఆమె తేల్చారు. విమర్శకులు దాన్ని తీర్పుగా తలకెత్తుకున్నారు. కానీ కథాస్థలానికి ప్రేరణ ఆగ్నేయ ఆరెగన్‌లో కుటుంబంతో కారులో చేసిన మూడు రోజుల ప్రయాణమని చెప్పిందీ ఆమే. ఆ మెట్ట ఎడారి ఆమెను విడిచిపెట్టలేదు. అక్కడి స్టీన్స్ పర్వత ప్రాంతం మీద రోజర్ డార్‌బాండ్ ఛాయాచిత్రాలతో కలిపి 2010లో 'అవుట్ హియర్' అనే కవితల పుస్తకం తెచ్చారు. ముందు వచ్చింది నేల, లైంగికత అన్న వివరణ ఆ తర్వాతిది. విమర్శకు ఆధారం కావలసింది మొదటిదే.

ఎర్త్‌సీలో మంత్రశక్తి అంటే నిజనామం తెలియడం. ఆ నామం దక్కేది నీటిలో. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968)లో గాంట్ దీవి కుర్రవాడు చల్లని ఊటనీటిని దాటి ఒడ్డు చేరుతుండగా మంత్రవేత్త ఒజియన్ అతని చెవిలో గెడ్ అన్న పేరు చెబుతాడు. అటువాన్‌లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. అయిదేళ్ల టెనార్‌ను సమాధుల పూజారిణిగా తెచ్చి, ఉత్తుత్తి శిరచ్ఛేదంతో ఆమె పేరు తీసేసి, 'తినివేయబడినది' అనే అర్థమిచ్చే అర్హాగా మారుస్తారు. ఆమె కొలవాల్సిన దేవతలకూ పేర్లు లేవు. సమాధుల కింద బంధించిన ఖైదీలకు అన్నం, నీళ్లు ఇవ్వవద్దని ఆమె చేతే ఆజ్ఞ ఇప్పిస్తారు. ఆ తర్వాత ఆమెకు వచ్చే పీడకలల్లో ఒకటి విమర్శకులు చూడకుండా వదిలేసిన కీలకం: నిండు ఇత్తడి పాత్రలో నీళ్లు పట్టుకుని చీకట్లో దాహంతో ఉన్న ఎవరికో అందించాలి, ఎంత నడిచినా ఆ మనిషిని చేరలేదు. ఆ కల మెలకువలోనే తీరుతుంది. పెద్దవాడై మంత్రవేత్తగా అటువాన్‌కు వచ్చి, చిక్కుదారుల్లో దాహంతో కూలిపోయిన గెడ్‌కు నీళ్లు దక్కేది ఆమె నిర్ణయం వల్లే. నీళ్లు అందినవాడి నోటి నుంచే ఆమెకు టెనార్ అన్న పేరు తిరిగి వస్తుంది. ఇద్దరూ తప్పించుకుని పడమటి కొండలు దాటి చేరేది సముద్రానికే. లైంగికత అన్న వివరణ ఈ వరుసలో ఏ ఒక్క అడుగుకూ కారణం చెప్పలేదు.

'ద ఫార్దెస్ట్ షోర్' (1972)లో మృతుల లోకం కూడా ఎండునేలే. అక్కడ వాన లేదు, నది ఎండిపోయింది, ప్రేమించినవాళ్లు ఎదురుపడినా గుర్తుపట్టరు. అటువాన్‌లో బతికినవాళ్లకు విధించినదే ఇక్కడ చనిపోయినవాళ్లకు విధించారు. 'ది అదర్ విండ్' (2001) ప్రకారం కార్గులు ఆ లోకానికి వెళ్లరు, పునర్జన్మ పొందుతారు. అయితే ఇది మతానికి సంబంధించిన తేడాయే తప్ప భూగోళానికి సంబంధించినది కాదు. అదే నవలలో మృతుల లోకపు రాతిగోడ కూలడమూ, అంతకు ముందు అటువాన్‌లో సమాధులు కూలడమూ ఒకే విముక్తికి రెండు అంచెలు. ఆ లెక్కన ఎర్త్‌సీ గాథంతా ఎండిన నేలకు నీటిని, నీటితో పాటు పేరును తిరిగి తెచ్చే కథ. చిక్కుదారులు దానిలో ఒక మజిలీ మాత్రమే.