ఓటు గెలిచి, రాష్ట్రం ఓడి: 1969–75 ప్రాంతీయ ఉద్యమాల తర్వాత అధికార పంపిణీ చర్చ

కొత్త రాష్ట్రం కావాలా వద్దా అని ప్రజలను నేరుగా అడిగే పద్ధతి భారత రాజ్యాంగంలో లేదు. మూడో అధికరణం ఆ నిర్ణయాన్ని పార్లమెంటుకు అప్పగించింది. సంబంధిత శాసనసభ తన అభిప్రాయం చెప్పగలదు గాని, దానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదు. మహారాష్ట్రలో కలవాలా అని గోవా ప్రజలను 1967 జనవరి 16న అడిగి, వారు కాదన్నాక ఆ ప్రతిపాదనను విడిచిపెట్టిన సందర్భం ఉంది గాని, అది అరుదైనది. మిగిలినచోట్ల సాధారణ ఎన్నికలే ప్రజాభిప్రాయ సేకరణగా చెల్లుబాటయ్యాయి. తెలుగునాట అలాంటి ఎన్నిక 1971 మార్చిలో జరిగింది. ప్రత్యేక రాష్ట్రమే ఏకైక నినాదంగా బరిలో దిగిన తెలంగాణ ప్రజా సమితి ఆ ప్రాంతంలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. అయినా రాష్ట్రం రాలేదు. స్కాట్లండ్‌లో 2014 సెప్టెంబరు 18న స్వాతంత్ర్యానికి 44.7 శాతం మందే ఓటేశారు, కోరిక ఓటులోనే ఓడింది. తెలంగాణలో ఓటు గెలిచాక కోరిక ఓడింది. రెండుచోట్లా ఆ వెంటనే నాయకుల ముందుకొచ్చిన ప్రశ్న ఒకటే: విడిపోవడం కుదరనప్పుడు, కలిసి ఉంటూ ఏ అధికారాన్ని ఎవరి చేతికి ఇవ్వాలి?

ఈ ప్రశ్న 1971లో పుట్టింది కాదు. రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 నివేదికలో తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలనీ సూచించింది. ప్రజాభిప్రాయానికి దారి చూపిన సూచన అదే. దాన్ని పక్కకు నెట్టి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు; తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. ఎనిమిది మందీ నాయకులే. ఓటరు ఎక్కడా లేడు. ఒప్పందం పునాది బలహీనతకు తొలి సాక్ష్యం ఆ ఏడాది నవంబరు 1నే కనబడింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు కావాలన్న షరతు ఉండగా, ఒప్పందంపై సంతకం చేసిన సంజీవరెడ్డి ఏర్పరచిన తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి పదవే లేదు.

ఒప్పందంలోని అంశాల్లో నిజంగా అధికార పంపిణీ అనదగింది ఒక్కటే, తెలంగాణ ప్రాంతీయ సంఘం. 371వ అధికరణం కింద 1958లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుతో అది ఏర్పడింది. తెలంగాణ నియోజకవర్గాల శాసనసభ్యులంతా అందులో సభ్యులు. స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, ప్రాథమిక, మాధ్యమిక విద్య, వ్యవసాయ భూముల అమ్మకం వంటి విషయాల్లో దాని సలహాను ప్రభుత్వం, శాసనసభ మామూలుగా పాటించాలి. విభేదం వస్తే గవర్నరు మాటే చివరిది. సంఘానికి సొంత ఖజానా లేదు, సొంత ఉద్యోగులు లేరు, సలహా అమలైందో లేదో చూసే యంత్రాంగమూ లేదు. అయినా ఆ ప్రాంతం ఎన్నుకున్న ప్రతినిధులు ఆ ప్రాంత వ్యవహారాల మీద కూర్చుని మాట్లాడే రాజ్యాంగబద్ధమైన చోటు అదొక్కటే. ఆ తర్వాత రెండు దశాబ్దాల రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ సంఘానికి పట్టిన గతిని గమనించాలి.

1969 జనవరిలో ఖమ్మం జిల్లా కొత్తగూడెం ప్రాంతంలో ఉద్యోగాల వివాదంగా మొదలైన ఆందోళన కొద్ది వారాల్లోనే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమైంది. రెండు ఫిర్యాదులు దానికి ఇంధనం. ఒకటి స్థానిక నివాసులకే ప్రభుత్వ ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల ఉల్లంఘన, రెండోది మిగులు నిధుల మళ్లింపు. 1956 నవంబరు నుంచి 1968 మార్చి వరకు తెలంగాణలో ఖర్చు కాకుండా మిగిలిన నిధులను కుమార్ లలిత్ నివేదిక 34.10 కోట్ల రూపాయలుగా తేల్చింది. తర్వాత జస్టిస్ వశిష్ట భార్గవ సంఘం 28.34 కోట్లన్నది. రెండు లెక్కలూ తేడాగా ఉన్నా, నిధులు మళ్లాయన్న మూల విషయం రెండింటిలోనూ ఉంది. ఇంతలో మార్చి 28న సుప్రీంకోర్టు నివాసం ప్రాతిపదికన ఉద్యోగాలు కేటాయించే 1957 చట్టంలోని కీలక భాగాన్ని కొట్టివేయడంతో రాజీకి మిగిలిన చట్టబద్ధమైన ఆధారం కూడా జారిపోయింది. ఏప్రిల్ 11న ప్రధాని ఇందిరాగాంధీ ఎనిమిది సూత్రాల పథకం ప్రకటించారు. అందులో సంఘాలే ఎక్కువ: నిధుల మీద ఒకటి, అభివృద్ధి మీద ఒకటి, రాజ్యాంగ రక్షణల మీద న్యాయనిపుణులది మరొకటి. కాల్పుల్లో విద్యార్థులు నేలకొరుగుతున్న రోజుల్లో సంఘాల జాబితా ఎవరినీ శాంతింపజేయలేకపోయింది.

చెన్నారెడ్డి 1969లో ప్రజా సమితి నాయకత్వం చేపట్టారు. ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు తీర్పు కారణంగా ఆయనకు ఆరేళ్లపాటు పోటీ చేసే అర్హత లేదు. పదవికి దారి మూసుకున్న నాయకుడు వీధికి వచ్చాడన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పటికీ వినిపిస్తుంది. దానితోనే ఉద్యమాన్ని కొలవడం అన్యాయం. మంత్రి పదవి వదులుకున్న కొండా లక్ష్మణ్ బాపూజీ వంటివారు కూడా అదే ఉద్యమంలో ఉన్నారు. నాయకుడి అవసరం, ఉద్యమం అవసరం 1971 ఎన్నికల దాకా ఒకే దారిలో నడిచాయన్నది మాత్రం వాస్తవం. ఆ తర్వాత అవి విడిపోయాయి.

మార్చి ఫలితాల్లో రాష్ట్రంలోని 41 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 28, ప్రజా సమితి 10 గెలిచాయి. అయితే దేశమంతటా ఇందిరాగాంధీకి భారీ ఆధిక్యం వచ్చింది. ఢిల్లీలో ఎవరికీ అవసరం లేని పది మంది సభ్యులు చేతిలో ఉంటే బేరం పెట్టేది దేనితో? సెప్టెంబరులో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బదులుగా ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి తప్పుకోగా, సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. సమైక్య రాష్ట్రానికి తెలంగాణ నుంచి తొలి ముఖ్యమంత్రి ఆయనే. ఓటరు రాష్ట్రం కోసం ఓటేశాడు, అతనికి దక్కింది ముఖ్యమంత్రి పీఠం మీద మనిషి మార్పు. ఇక్కడినుంచి అధికారం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వెనక్కి వెళ్లి, అధికారంలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న ముందుకొచ్చింది.

ఒక ప్రాంతానికి ఇచ్చిన రాయితీ రెండో ప్రాంతానికి గాయమవుతుందన్నది 1972లో తేలింది. 1972 మార్చి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ 287 స్థానాలకు 219 గెలిచింది. అంత బలం ఏడాది కూడా నిలవలేదు. అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. నవంబరు 27న ప్రధాని ప్రకటించిన ఐదు సూత్రాలు ఆ నిబంధనలను హైదరాబాదు నగరంలో 1977 చివరి దాకా, మిగతా తెలంగాణలో 1980 చివరి దాకా కొనసాగించాయి. తమ రాజధానిలో తామే పరాయివాళ్లమా అన్న ఆవేదనతో ప్రత్యేక ఆంధ్ర కోరే జై ఆంధ్ర ఉద్యమం లేచింది. భూపరిమితి చట్టానికి పి.వి. పట్టుబట్టడం కోస్తా భూస్వాముల ఆగ్రహాన్ని దానికి జోడించింది. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి ఉద్యమం ముందు వరుసలో నిలిచారు. 1956లో ఐక్యతకు సంతకం చేసిన గౌతు లచ్చన్న ఇప్పుడు విభజన వైపు ఉన్నారు. స్కాట్లండ్‌లో ఫలితం వచ్చిన రోజే బ్రిటన్ ప్రధాని కామెరాన్ ఇంగ్లండ్ వ్యవహారాల మీద ఇంగ్లండ్ సభ్యులే ఓటెయ్యాలన్న అంశం లేవనెత్తారు. రాయితీ దక్కని పక్షం మనసు గ్రహించి మాట్లాడిన మాట అది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట ఎవరూ ముందుగా మాట్లాడలేదు, వీధులు మాట్లాడాయి. 1973 జనవరిలో పి.వి. రాజీనామా చేయగా రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆ పాలనలోనే, 1973 సెప్టెంబరు 21న, రెండు ప్రాంతాల కాంగ్రెస్ నాయకులు ఆరు సూత్రాల పథకానికి ఒప్పుకున్నారు. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధికి ప్రణాళికా సంఘాలు, రాజధాని ప్రణాళికాబద్ధ అభివృద్ధి. విద్యాసంస్థల ప్రవేశాల్లో స్థానికులకు ప్రాధాన్యం, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం. ప్రత్యక్ష నియామకాల్లో స్థానికులకు ప్రాధాన్యం. ఉద్యోగ వివాదాలకు పరిపాలనా ట్రిబ్యునల్. వీటికోసం రాజ్యాంగ సవరణ. ఆరో సూత్రం పైకి సాదాగా కనిపిస్తుంది. ఇవన్నీ అమలైతే ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ సంఘం ఇక అనవసరమని దాని సారం. పథకం అసలు అర్థం ఆ వాక్యంలోనే ఉంది. నిర్ణయం చేసే చోటును రద్దు చేసి, నిర్ణయాల ఫలితంలో వాటా ఇచ్చారు. శాసనసభ్యుల సంఘం పోయి, నోటిఫికేషన్లలో శాతాలు వచ్చాయి. దీన్ని అధికార పంపిణీ అనడం కంటే ఉద్యోగాల పంపిణీ అనడమే సబబు. స్కాట్లండ్‌కు ఇవ్వాల్సిన అధికారాలను పరిశీలించిన స్మిత్ కమిషన్ సిఫార్సుల మీద 2016లో వచ్చిన చట్టం, ఓటు ఓడిన స్కాట్లండ్ పార్లమెంటుకు ఆదాయపు పన్ను రేట్లు నిర్ణయించే అధికారం పెంచింది. ఆ ఓటమి ఉన్న సభను బలపరిచింది. తెలుగునాట ఉన్న సభే ఎత్తిపోయింది.

32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371డి అధికరణం 1974 జులై 1 నుంచి అమలైంది. 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసింది. నాలుగో జోన్ చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలు. దిగువ స్థాయి గుమాస్తా కొలువుల్లో 80 శాతం, ఆ పై నాన్‌గెజిటెడ్ కొలువుల్లో 70 శాతం, కొన్ని గెజిటెడ్ కొలువుల్లో 60 శాతం స్థానికులకు. స్థానికుడెవరో నిర్ణయించేది పుట్టుక కాదు, భాష కాదు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదువు. చదువు లేకపోతే నాలుగేళ్ల నివాసం.

ఈ నిర్వచనం ఎంత కొత్తదో తెలియాలంటే నాలుగో జోన్ అంచున చూడాలి. కర్ణాటక తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. వెంకటమ్మనహళ్లి వంటి ఊళ్లున్న ఆ తాలూకాలో ఇంటి భాష ఎక్కువగా తెలుగు, కచేరీ భాష కన్నడం. దాని పక్కనే అప్పటి అనంతపురం జిల్లాలోని మడకశిర ప్రాంతం కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది, అక్కడ కన్నడం మాట్లాడే ఇళ్లు అనేకం. మైసూరు సంస్థానానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ మధ్య ఉన్న పాత హద్దు రెండింటినీ ఇలా చెరోవైపు పడేసింది, 1956 దాన్ని అలాగే ఉంచింది. ఎటు ఉంటారని ఓటు పెట్టి ఆ ఊళ్లను ఎవరూ అడగలేదు. 1975 ఉత్తర్వు ప్రకారం మడకశిరలో చదివిన కన్నడ కుర్రాడు అనంతపురంలో లోకల్; పావగడలో చదివిన తెలుగు కుర్రాడు నాన్‌లోకల్. అదే కుర్రాడు హద్దు దాటి హిందూపురంలో నాలుగేళ్లు చదివితే లోకల్ అవుతాడు. భాష ఆధారంగా పుట్టిన రాష్ట్రం ఇరవై ఏళ్లు నిండకముందే, తన వాళ్లెవరో తేల్చేందుకు భాషను కాక బడి ఉన్న ఊరిని ఆధారం చేసుకుంది. చీలిక భయం నుంచి పుట్టినా, ఈ మార్పును పొరపాటు అనలేం. పక్కపక్కన బతికే ఇద్దరిని మాతృభాషతో వేరు చేయకపోవడం అందులోని న్యాయం. అదే సమయంలో సర్టిఫికెట్ చుట్టూ తిరిగే న్యాయం కావడంతో దాని అమలంతా ఆఫీసు ఫైళ్ల చేతిలో పడింది.

నాయకులకు మాత్రం రాజీ బాగానే కలిసొచ్చింది. 1973 డిసెంబరు 10న ఖమ్మం జిల్లాకు చెందిన జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. బ్రహ్మానందరెడ్డి కేంద్ర హోం మంత్రి అయ్యారు. చెన్నారెడ్డి 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1978లో సమైక్య ఆంధ్రప్రదేశ్‌కే ముఖ్యమంత్రి. ఒప్పందం అమలును ఎవరు కనిపెట్టి ఉండాలి? ప్రాంతీయ సంఘం లేదు. ఫిర్యాదు చేయాల్సిన నాయకులే ప్రభుత్వంలో ఉన్నారు. 1975 ఉత్తర్వుకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో చేరినవారిని వెనక్కి పంపాలని ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చింది. దాని అమలు మీద 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. పదేళ్లకు జీవో, మరో పదహారేళ్లకు కమిషన్: ప్రతినిధుల సభ చేయాల్సిన పనిని విచారణ సంఘాలకు అప్పగిస్తే పట్టే కాలం ఇది.

2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినప్పుడు దాని వాదనల్లో ఈ ఉల్లంఘనల చిట్టా ముందుంది. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్న కేంద్రం 2009 డిసెంబరు 9 ప్రకటన తర్వాత నియమితమైన శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న నివేదిక ఇస్తూ ఆరు మార్గాలు చూపింది. అందులో తాను మేలని భావించినది ఆరోది: రాష్ట్రాన్ని కలిపి ఉంచి, చట్టబద్ధమైన తెలంగాణ ప్రాంతీయ మండలి ఏర్పరచడం. 1973లో అనవసరమని తీసేసిన దాన్నే ముప్పై ఏడేళ్ల తర్వాత మరింత బలంగా నిలబెట్టాలన్న సూచన అది. 1969లో ఇది ఎనిమిది సూత్రాల మధ్య ఉండి ఉంటే చర్చ మరోలా సాగే వీలుండేది. 2011 నాటికి తెలంగాణలో మండలి మాట వినేవారు లేకపోయారు. తమ పెద్దలు సంతకాలు పెట్టిన ప్రతి కాగితం ఏమైందో ఆ తరానికి తెలుసు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. విభజన చట్టం 371డిని రద్దు చేయలేదు. 97వ సెక్షన్ ద్వారా దాన్ని రెండు రాష్ట్రాలకూ వర్తింపజేసింది. 2018లో తెలంగాణకు వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పరచి స్థానికుల వాటాను 95 శాతానికి పెంచింది. సమైక్య రాష్ట్రాన్ని నిలబెట్టడానికి రాసిన అధికరణం ఆ రాష్ట్రం పోయాక కూడా, హద్దుకు రెండు వైపులా, ఎవరు లోకల్ ఎవరు కాదో తేలుస్తూనే ఉంది.