మా ఇంటి గొంతులు, ఊరి చరిత్ర: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

మదనపల్లె పేరెత్తితే చదువుకున్నవాళ్లకు ఒక పాట గుర్తొస్తుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నాడు. ‘జనగణమన’ను ఆయన ఇంగ్లీషు చేసింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరసను స్వరాలుగా రాసిపెట్టింది. ఒక శబ్దం చరిత్రలోకి ఎట్లా పోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. పాడేవాడికి పేరుంది, వినేవాళ్లకు చదువుంది, రాసుకోను కాయితమూ స్వరజ్ఞానమూ ఉన్నాయి. అదే నెలలో ఆ చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మా ముత్తాతలు ఏం పాడినారు, ఎవరి గడప ముందర ఏం కొట్టినారు, ఏ మాట నోట్లోనే మింగినారు? దానికి కాయితం లేదు.

కాయితం ఉన్నచోట కూడా అది మన కాయితం కాదు. అమెరికన్ ఆర్కాటు మిషన్‌వాళ్లు 1860ల నుంచే మదనపల్లెలో ఉన్నారు. వాళ్ల లెక్కల్లో మనవాళ్లు బాప్తిస్మం తీసుకున్నవాళ్లుగా, బడికొచ్చిన పిల్లలుగా కనిపిస్తారు. గ్రియర్సన్ భాషా సర్వేతో ముడిపెట్టి ప్రభుత్వం గ్రామఫోన్ రికార్డులు తీయించింది. అందులో చాలామంది చేత చెప్పించింది బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ. అంటే గొంతు కావాలి, ఆ మనిషి కథ అక్కర్లేదు. వాడల పేర్ల సంగతీ అంతే. 1917 బెజవాడ సభ నుంచి ముందుకొచ్చిన ‘ఆది ఆంధ్ర’ అనేది మనవాళ్లు పోరాడి పెట్టుకున్న పేరు. చిత్తూరు సీమలో అది ‘ఏఏడబ్ల్యూ’ అని పొడి అక్షరాలై ఆఫీసు కాయితాల్లో మిగిలింది. అది ఆది ఆంధ్రవాడ అని మా వీధి పిల్లోళ్లకే తెలీదు.

ఈ ఖాళీలో నుంచే మా ప్రయత్నం మొదలైంది. మా ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలతో శబ్దాలు, వీడియోలు కలిపి ఒక ప్రదర్శన చేయాలని 2021లో నేనూ మా చెల్లెలూ అనుకున్నాం. ఇది సినిమా కాదు. మూడు గదులు, ఒక్కో గదికి ఒక ఊరు. మనిషి ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి నడుస్తూ వింటాడు, చూస్తాడు. అమ్మ తరపువాళ్లది కుప్పం దగ్గర పల్లె, మాలలు, ఇంట్లో సగం తమిళం. నాయన తరపువాళ్లది పుంగనూరు దగ్గర, మాదిగలు. అమ్మ మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆయాగా, నాయన అక్కడే టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు ఇద్దరికీ కలిసింది. ఆ పెళ్లి ఎట్లా జరిగిందనేది వేరే వ్యాసం, అందులో రెండు వైపులవాళ్లూ మంచివాళ్లుగా తేలరు. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలో పడింది, తక్కిన రెండూ అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయినాయి. మా చుట్టరికాలు ఆ గీతను లెక్కపెట్టలేదు.

మొదట ఫోటోలు వెతికినాం. రెండు వైపులా కలిపి 1980కి ముందువి రెండే దొరికినాయి. ఒకటి పెళ్లిది, ఇంకోటి గని గుర్తింపు కార్డు మీది, ముఖం సగం చెదలు తినింది. ఫోటోలు ఉన్న ఇండ్లల్లో చరిత్ర గోడమీద వేలాడుతుంది. మా ఇండ్లల్లో అది మాటల్లో, పిలుపుల్లో, దగ్గులో ఉంటుంది. అందుకే ముందు శబ్దం, తర్వాతే బొమ్మ అని నిర్ణయించుకున్నాం. ఇంటి జ్ఞాపకం సొంత గొడవ కదా అనేవాళ్లుంటారు. సుజాత గిడ్ల తన తల్లీ మేనమామల కథలను ఏండ్ల తరబడి అడిగి తెలుసుకొని 2017లో పుస్తకం చేసింది. అందులో నడిచేది ఒక ఇల్లు మాత్రమేనా, తెలుగు నేల మీద అర్ధశతాబ్దమా? ఆనంద్ పట్వర్ధన్ ‘జై భీమ్ కామ్రేడ్’ కోసం పద్నాలుగేండ్లు తిరిగినాడు. 1997లో ముంబై రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల తర్వాత ప్రాణం తీసుకున్న గాయకుడు విలాస్ ఘోగ్రే నుంచి మొదలై, ఆ సినిమాలో పాటలే సాక్ష్యాలుగా నిలబడతాయి.

కుప్పం గది తేలికగా కుదిరింది. కుప్పం తాత కోలారు బంగారు గనుల్లో పనిచేసినాడు. జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టిన ఆ గనుల్లోకి ఉత్తరార్కాటు, చిత్తూరు పల్లెల నుంచి వేలమంది దళితులు పోయినారు. ఊళ్లో వెట్టి కన్నా భూమిలోపలి చీకటి నయమనిపించింది వాళ్లకు. ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. ఛాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్లకు పైగా లోతు, లోపల రాయి కూడా కాలుతుంది. 1950ల మొదట్లో సీమలో కరువొచ్చి గంజి కేంద్రాలు పెట్టినప్పుడు తాత కుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో మారి, మారికుప్పంలో దిగినాడు. ఏ సంవత్సరమంటే అవ్వ అంకె చెప్పదు, ‘గంజి కరువులో’ అంటుంది. కరువు ఏండ్లు మాకు తెలుసు కాబట్టి ఆమె కాలం మాకు దొరికింది. మనవాళ్లకు తారీకులు తెలీవనే చరిత్రకారులు ఈ లెక్కను నేర్చుకుంటే బాగుంటుంది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. లోపలికి పోయి తీసే వీలు లేదు. పోయినా అక్కడ చూసేదేముంది, చీకటే కదా? అందుకని స్క్రీను నల్లగానే వదిలేసినాం. పంజరంలాంటి లిఫ్టు దిగే చప్పుడు, గంటలు, లోపల బండ పగిలితే పైన ఇంట్లో గిన్నెలు కదిలే చప్పుడు, ఇవన్నీ తాత నోటితోనే చేసి చూపించిన క్యాసెట్టు ఒకటి ఉంది. 1994లో మా మామ టేపురికార్డరులో పట్టింది. చివర్లో మాత్రం రైలు కిటికీలో నుంచి తీసిన సైనైడ్ మట్టిదిబ్బలు తెల్లగా కనబడతాయి. బంగారం పోయింది, దిబ్బ మిగిలింది.

ఆ క్యాసెట్టు నిండా దగ్గు. ఎడిటింగుకు కూర్చున్న స్నేహితుడు కంప్యూటరులో దగ్గులన్నీ తీసేసి శుభ్రంగా ఇచ్చినాడు. నాకు నచ్చింది కూడా. చెల్లెలు విని, “తాత యాడున్నాడు ఇందులో?” అనింది. మళ్లీ పాతదే పెట్టినాం.

ఆ దగ్గే మమ్మల్ని మదనపల్లె గదికి తీసకపోయింది. రిటైరయినాక తాతను మదనపల్లె పక్కన ఆరోగ్యవరానికి తెచ్చినారని ఇంట్లో చెప్పుకుంటారు. 1910లలో మిషన్లన్నీ కలిసి పెట్టిన క్షయ శానటోరియం అది. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. తాతకు టీబీ అని మా ఇంట్లో అందరూ నమ్మినారు, అందుకే ఆయన పళ్లెం వేరే పెట్టినారు. ఇది రాయడానికి చెయ్యి ఆడదు. ఊరు మనల్ని వేరే గ్లాసుతో నిలబెట్టింది, మనం మన ముసలాయన్ని వేరే పళ్లెంతో కూర్చోబెట్టినాం. గనుల్లో రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్ కూడా చూడ్డానికి టీబీ లాగే ఉంటుంది. దానిమీద టీబీ కూడా తొందరగా పడుతుంది. టీబీ అంటే రోగి ఖర్మ, సిలికోసిస్ అంటే కంపెనీ బాధ్యత. ఏ పేరు పెడతామన్న దాన్ని బట్టి నష్టపరిహారం ఉంటుంది, ఉండదు. గదిలో ఒక స్టీలు పళ్లెం మీద వెలుతురు మారుతూ ఉంటుంది, దగ్గు వినిపిస్తుంది. రోగం పేరు మేం రాయలేదు. జనగణమన వరస అక్కడ వినిపిస్తే బాగుంటుందని ఒక మిత్రుడన్నాడు. అంత గడుసుతనం వద్దనుకున్నాం.

చిక్కంతా పుంగనూరు దగ్గర వచ్చింది.

పుంగనూరంటే బయటివాళ్లకు జమీందారీ, పొట్టి ఆవు. ఆ ఆవు జాతి పోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్నారు. మంచిదే. మా పుంగనూరు తాత తండ్రి పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ తాత పలక కొట్టేవాడు. కోస్తావాళ్లు, తెలంగాణవాళ్లు డప్పు అనేదాన్ని మా సీమలో పలక అంటాం. అవ్వ చెప్పిన కథ ఇది: “జాతర రాత్రి ఆయప్పకు జొరం రా. లేపి తీసకపోయిరి. తెల్లార్లూ కొట్టినాడు. కూలి అడిగితే తప్పు కట్టమనిరి. మళ్లేడు పిలుపొచ్చినప్పుడు కొడవల్తో తోలు పర్రన చీరేసినాడు. ‘పలక పోయింది సామీ’ అని చెప్పి పంపించినాడు.” చెప్పి నవ్వింది. ఆ నవ్వు వినగానే ప్రదర్శన అంతా ఇక్కడే ఉందనిపించింది నాకు.

నాయన ఒప్పుకోలేదు. “మీ తాత చీరలేదు. పెద్దరెడ్డి మనుషులొచ్చి చీరిపోయినారు. మీ అవ్వ కల్పించుకునింది” అన్నాడు. అంతటితో ఆగలేదు. “నేను బడికి పోతావుంటే పిల్లోళ్లు నన్ను పేరుతో పిలవలేదు. నోటితో దరువేసి పిలిచినారు. ఆ చప్పుడు వినపడని చోటికి పోవాలనే నేను పంతులైంది. నువ్వు దాన్ని స్పీకరులో పెట్టి నలుగురికి వినిపిస్తావా?”

1985 కారంచేడు తర్వాత డప్పు ఉద్యమం చేతికొచ్చింది. అవమానంగా మోసినదాన్ని గర్వంగా భుజాన వేసుకున్నాం. నేను ఆ గాలిలో పెరిగినవాణ్ణి, నాయనది వెనకబడిన ఆలోచన అని వాదించినాను. కానీ పలక వదిలేయడం కూడా పోరాటమే. మా తమిళ చుట్టాల పల్లెల్లో ‘ఇకమీదట పరై కొట్టం’ అని కట్టుబాటు చేసుకొని దెబ్బలు తిన్నవాళ్లున్నారు. దరువు దెబ్బ తగిలింది నాయనకు, నాకు కాదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అవ్వ కథ నిజం కావాలని నాకు ఆశ. అందులో తాత తిరగబడతాడు, మన సభలకు పనికొస్తాడు. నాయన కథలో తాత నిలబడి చూస్తాడంతే. చరిత్ర రాసేవాడు తనకు పనికొచ్చే తాతను ఏరుకోవడం మొదలుపెడితే, జమీందారు వంశచరిత్ర రాసినవాడికీ వాడికీ తేడా ఏముంది?

ఆరు నెలలు ఆ గది ఆగిపోయింది. చివరికి చెల్లెలే దోవ చూపింది. పాత ఇంట్లో పలక వేలాడిన మట్టిగోడను, దానిమీది మేకును కదలకుండా తొమ్మిది నిమిషాలు తీసినాం. ఎడమ స్పీకరులో అవ్వ కథ, కుడి స్పీకరులో నాయన కథ, ఆయన ఒప్పుకోనన్న మాటలతో సహా, ఆయన అనుమతితోనే. పలక చప్పుడు ఒక్క దెబ్బ కూడా లేదు. ప్రదర్శన వాడలోనే అంబేద్కర్ భవనంలో పెట్టినాం. “దళితుల ప్రదర్శనలో డప్పు లేకపోవడం ఏంది?” అని సంఘం పిల్లోళ్లు కొట్లాడినారు. కొట్లాడనీ. అవ్వ హెడ్‌ఫోను పెట్టుకొని తన గొంతు విని, “ఇది మా అమ్మ మాట్లాడినట్టుందే” అనింది.

నాయన మూడో రోజు సాయంత్రం, ఎవరూ లేనప్పుడు వచ్చినాడు. మేకు ముందర రెండు స్పీకర్ల మధ్య నిలబడి రెండుసార్లు విన్నాడు. బయటికొచ్చి చెప్పులేసుకుంటా అన్నాడు: “మేకు అంత పైన లేదు. ఇంకా కిందుండేది. నాకు అందేది.”

అప్పుడు ఆయనకు తొమ్మిదేండ్లుంటాయి. అందితే ఏం చేసినాడని నేను అడగలేదు. ఆ వీడియో మళ్లీ తీయాలి.