గ్రంథాలయ సేవకుల శిక్షణలో దత్తాంశ విద్య: ఐసిస్ నుంచి లైబ్రరీ కార్పెంట్రీ వరకు

గ్రంథాలయ సేవకుడికి శిక్షణ అవసరమన్న భావన మనకు కొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలిపిన అయ్యంకి వెంకటరమణయ్య తరానికి పుస్తకాన్ని జనం దగ్గరకు చేర్చే మనిషే ప్రధానం. 1929లో మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ చొరవతో మొదలైన వేసవి పాఠశాల ఆ మనిషికి వర్గీకరణ, సూచీకరణ నేర్పింది. చేతితో చీటీ రాసిన ఆ రోజుల్లో సూచీకర్తకు తన పనిముట్టు మీద పూర్తి అధికారం ఉండేది. కంప్యూటరు వచ్చాక ఆ అధికారం ఏమైంది, దాన్ని తిరిగి దక్కించుకోవడానికి ఎటువంటి శిక్షణ తోడ్పడింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

అంతర్జాతీయ కార్మిక సంస్థలో 1960వ దశకంలో రూపుదిద్దుకున్న ఐసిస్‌ను యునెస్కో అభివృద్ధి చేసి, 1985లో చిన్న కంప్యూటర్ల మీద నడిచే రూపాన్ని వెలువరించింది. లాభాపేక్ష లేని సంస్థలకు దీన్ని ఉచితంగా ఇచ్చారు. భారతదేశంలో పంపిణీ, శిక్షణ బాధ్యతలను 1977లో ఏర్పడిన నిస్సాట్ చేపట్టింది. ఈ సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చేసరికి ఖాళీ పెట్టె వంటిది. ఏయే క్షేత్రాలు ఉండాలో నిర్వచించుకోవడం, నమోదు పత్రాన్ని రూపొందించడం, ప్రదర్శన సూత్రాన్ని రాయడం, వేటిని అకారాదిలో చేర్చాలో నిర్ణయించడం వాడేవారి పనే. సంపాదకుడి పేరుకు వేరే క్షేత్రం కావాలా, రచయిత క్షేత్రాన్నే పునరావృతం చేయాలా అన్న ప్రశ్నను గ్రంథపాలకుడు స్వయంగా తేల్చుకోవలసి వచ్చేది. నలుపు తెర, కఠినమైన ఆజ్ఞలు చాలామందిని భయపెట్టిన మాట నిజమే. అయినా ఆ తరగతులు నేర్పింది దత్తాంశ నిర్మాణమే. దీనికి మన చరిత్రకారులు తగిన విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

2000 నాటికి న్యూజిలాండ్‌లో కోహా, మన దేశంలో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ వాడుకలోకి వచ్చాయి. క్షేత్రాలు ముందే సిద్ధంగా ఉన్న ఈ వ్యవస్థలు సేకరణ, వితరణ, సూచీలను ఒక్కచోట చేర్చి ఎంతో శ్రమను తగ్గించాయి. అయితే శిక్షణ చాలావరకు ఏ తెరలో ఏ గడి నింపాలన్న దగ్గర ఆగిపోయింది. నిల్వ ఉన్న వేల రికార్డులలో ఒకే తప్పు పదేపదే కనిపించినప్పుడు ఒక్కొక్కటిగా సరిచేయడమో, సాంకేతిక నిపుణుడి కోసం ఎదురుచూడడమో తప్ప మార్గాంతరం లేకపోయింది.

ఈ లోటుకు స్పందనగా వచ్చినదే లైబ్రరీ కార్పెంట్రీ. శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ మెలకువలు నేర్పడానికి 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ మొదలైంది. ఆ నమూనాను అనుసరించి చరిత్రకారుడు జేమ్స్ బేకర్ 2015 నవంబరులో లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో నాలుగు సోమవారాల సాయంత్రాలు గ్రంథాలయోద్యోగులకు తరగతులు నడిపారు. కంప్యూటరు విజ్ఞానాన్ని శాస్త్రంగా కాక చేతిపనిగా నేర్పుతామన్నదే వడ్రంగం అన్న పేరులోని ధ్వని. మొదటి అభ్యాసం కూడా వినూత్నమైనదే: తమకు అర్థంకాని సాంకేతిక పదాలను నేర్చుకునేవారే బయటపెట్టి, గుంపుగా చర్చించి అర్థాలు తేల్చుకోవడం. ఆపైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, కమాండ్ లైన్, గిట్, ఓపెన్‌రిఫైన్. పాఠాలను ఎవరైనా మార్చి వాడుకునే లైసెన్సుతో ప్రచురించారు. 2018లో ఇది ది కార్పెంట్రీస్ సంస్థలో పాఠ్యక్రమంగా చేరింది.

తెలుగు సూచీలకు ఈ పాఠాలను యథాతథంగా అన్వయించలేము. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో చుక్క గుర్తు ఒక్క సంకేతానికి ప్రతినిధి. ‘శ్రీ’ మనకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో శకారం, పొల్లు, రేఫ, ఈత్వం అనే నాలుగు సంకేతాలు. పదం చివరి పొల్లు తరువాత కంటికి కనిపించని విభాజక సంకేతం చేరితే ఒకే పేరు రెండు శీర్షికలవుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన జాబితాల స్థితి ఇంకా విషమం. తెరమీద కనిపించేది తెలుగే గాని లోపల నిల్వ అయింది తెలుగు కాదు. సంకేత మార్పిడి జరగనిదే అందులో వెతకడం అసాధ్యం.

ఓపెన్‌రిఫైన్‌లోని సమూహీకరణను ఉదాహరణగా తీసుకుందాం. ‘చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి’, ‘వేంకటశాస్త్రి, చెళ్లపిళ్ల’ అన్న రూపాలను పదాల క్రమం, విరామచిహ్నాలు విడిచిపెట్టే పద్ధతి ఒక్కటిగా గుర్తిస్తుంది. ‘చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి’ని ఆ పద్ధతి పట్టుకోలేదు, అక్షర భేదాలను లెక్కించే మరో పద్ధతి కావాలి. ‘తిరుపతి వేంకట కవులు’ అన్న శీర్షిక ఎదురైతే ఏ పద్ధతీ చాలదు. అది దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అనే ఇద్దరి ఉమ్మడి పేరు. జంటగా రాసిన గ్రంథాన్ని, తిరుపతిశాస్త్రి మరణానంతరం వేంకటశాస్త్రి ఒక్కరే రాసినదాన్ని వేరుచేసి నమోదు చేయడానికి తెలుగు సాహిత్య చరిత్ర తెలిసిన సూచీకర్త ఆ తెర ముందు కూర్చోవాలి.