చూపు గీసిన గీతలు

మాస్కోలో, కంటి కదలికలను పరిశోధించిన ఆల్ఫ్రెడ్ యార్బస్ ప్రయోగశాల. గడ్డం ఆసరా మీద ఆనించి కూర్చున్నారు మీరు. తల కదపడానికి లేదు. కంట్లో వేసిన చుక్కలతో కనుగుడ్డు మొద్దుబారింది. మూతపడకుండా రెప్పల్ని ప్లాస్టర్ పట్టీలతో లాగి అంటించారు. చిన్న టోపీలాంటిదొకటి కంటికి ఆనించి లోపలి గాలి కాస్త లాగగానే అతుక్కుపోయింది. దానికో చిట్టి అద్దం. అద్దం మీద పడిన వెలుగు మళ్లి ఫొటో కాగితం మీద పడుతోంది. కన్ను ఎటు కదిలితే గీత అటు.

ఎదురుగా ఇల్యా రేపిన్ వేసిన బొమ్మకు నకలు. ప్రవాస శిక్ష నుంచి తిరిగొచ్చిన మనిషి చెప్పాపెట్టకుండా గదిలో అడుగుపెట్టాడు. నల్లబట్టల తల్లి కుర్చీలోంచి లేస్తోంది. బల్ల దగ్గర పిల్లలు, తలుపు పట్టుకుని పనిమనిషి. మూడు నిమిషాలు మీ ఇష్టం వచ్చినట్టు చూడమన్నారు.

చూపు నింపాదిగా సాగుతోందనే మీకు అనిపిస్తుంది. నిజానికి సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతోంది. రెటీనా నడుమ ఫోవియా అనే చిన్న గుంటకే సన్నని వివరం అందుతుంది. దానికి ఒక్కసారికి అందేది, చాచిన చేతి బొటనవేలి గోరంత మేర. అందుకే ఒక ముఖం మీద ఆగి, ఇంకో ముఖానికి గెంతుతుంది.

కాగితం మార్చారు. ఈ కుటుంబం కలిగినదా, లేనిదా అని ప్రశ్న. చూపు దుస్తుల మీదికి, సామాన్ల మీదికి మళ్లింది. మరో కాగితం: వీళ్ల వయసులెంత? ఇక ముఖాలే. వచ్చినతను ఇల్లు వదిలి ఎన్నాళ్లయిందని అడిగేసరికి అతని ముఖానికీ పిల్లల ముఖాలకీ మధ్య గీతలు దట్టంగా అల్లుకున్నాయి. బొమ్మ మారలేదు, ప్రశ్న మారిందంతే.

ఇప్పుడు అడగని పనొకటి చేస్తారు. చూపు తల్లి మీదే నిలిపి, తలుపు దగ్గరి పనిమనిషిని గమనిస్తారు. కాగితం మీద వెలుగు దాదాపు ఒకచోటే ఉండిపోయింది. కన్ను కదలకుండానే ధ్యాస పక్కకు మళ్లగలదన్న సంగతిని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే పట్టాడు. చీకట్లో, కన్ను కదిలే వ్యవధి కూడా ఇవ్వని విద్యుత్ మెరుపులో, తాను ముందే ధ్యాస పెట్టిన పక్క భాగం ఆయనకు తెలిసింది. కన్ను గెంతబోయే చోటికి ధ్యాస ముందే చేరుతుందని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. 1965లో యార్బస్ పుస్తకానికెక్కిన గీతలు, ధ్యాస తిరిగిన దారిలో కన్ను వెంటవెళ్లిన మేరనే చూపిస్తాయి.