కళ్ళు చికిలించుకున్న అమ్మలు

ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని పెళ్ళికో పేరంటానికో వెళ్ళినప్పుడు, ఆ ఇంటి పాత ఆల్బం అడిగి తిరగెయ్యడం నాకు అలవాటు. ఎవరింటి ఆల్బం చూసినా వొకటే సంగతి. స్టూడియోలో పట్టుచీర కట్టుకుని కుర్చీ మీద కొయ్యబొమ్మలా కూచున్న ఇల్లాలు, ఇంటి దగ్గర తీసిన ఫోటోలో మాత్రం పెరట్లోనో వీధి అరుగు ముందో నిలబడి, కళ్ళు చికిలించుకుని వుంటుంది. నవ్వుతోందో, విసుక్కుంటోందో తెలియదు. ఎన్ని పేజీలు తిప్పినా ఆవిడ వంటింట్లో వున్న ఫోటో వొక్కటీ కనబడదు. సగం జీవితం గడిపింది అక్కడే గదా, మరెందుకు లేదంటారు?

సిగ్గుచేత కాదు. ఆ తప్పు చవక కెమేరాది.

1900లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ వారు ‘బ్రౌనీ’ అని వొక అట్టపెట్టె కెమేరా తయారుచేసి, వొక్క డాలరుకే అమ్మారు. అంతవరకూ ఫోటో తియ్యడం వృత్తివారికీ, డబ్బున్న సరదారాయుళ్ళకీ చెల్లేది. బ్రౌనీతో అది ఇల్లాళ్ళకీ పిల్లలకీ అందింది. మరుసటేడు, 1901లో, రెండో బ్రౌనీ కోసం 120 నంబరు ఫిల్ము వచ్చింది. మన దేశంలో బరోడాలో తయారైన ‘ఆగ్ఫా క్లిక్ త్రీ’ కూడా ఈ 120 రీలుతోనే నడిచేది. రీలుకి పన్నెండు బొమ్మలు. ఊటీలో 1960లో స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు ‘ఇందు’ పేరుతో ఫిల్ము తీసుకొచ్చారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది గాని, 120 ఫిల్ము విదేశాల్లో నేటికీ తయారవుతోంది.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది? ముందు చిన్న అద్దం, దాని వెనక సన్నని రంధ్రం, కన్నం వున్న వొక రేకు బిళ్ళ, దాన్ని లాగే తీగ స్ప్రింగు. మీట నొక్కితే బిళ్ళ గిర్రున తిరిగి, సెకనులో ముప్పయ్యో వంతో, యాభయ్యో వంతో కాలం వెలుతురును లోపలికి రానిస్తుంది. అంత కొద్ది సందులోంచి బొమ్మ పడాలంటే యెండ దండిగా కావాలి. అందుకే సూర్యుణ్ణి వీపువెనక పెట్టుకుని ఫోటో తియ్యమనేవారు. తీసేవాడి వీపు మీద యెండ, మనావిడ మొహాన యెండ! కళ్ళు చికిలించక ఏం చేస్తుంది? పొగచూరిన వంటింట్లోనైతే ఆ కెమేరాకి రాత్రికీ పగటికీ తేడా తెలియదు. కొన్ని ఫోటోల్లో అడుగున పొడుగాటి నీడ పడి వుంటుంది చూడండి. ఆ నీడ కెమేరా పట్టుకున్న మనిషిది.

ఫోటోల్లోని లోపాలన్నిటికీ ఇల్లాగే కారణాలు వున్నాయి. పెద్దబ్బాయి వొళ్ళోంచి గుడిగోపురం లేచిందంటే, రీలు తిప్పకుండా రెండోసారి నొక్కారన్నమాట. వొకే చోట రెండు బొమ్మలు పడకుండా ఆపే యేర్పాటు చాలా డబ్బా కెమేరాలకు వుండదు. అంచున తెల్లటి చార పడితే రీలు వదులుగా చుట్టుకుంది. చుట్టుకునే కండె కింద మడిచిన దళసరి కాగితం పెడితే బిగుస్తుంది. మధ్యలో తెల్ల మచ్చ పడితే వెనకనున్న ఎర్రకిటికీని అనుమానించాలి. యెరుపు వెలుతురు సోకని పాతరకం ఫిల్ము రోజుల్లో ఆ కిటికీ పెట్టారు. తరవాత వచ్చిన ఫిల్ముకి యెరుపు కూడా కనిపిస్తుంది. అంకె చూసుకున్నాక నల్ల టేపు అంటించేస్తే సరి.

కొల్లేటి చుట్టుపక్కల గాలిలో చెమ్మ జాస్తి. పెద్దింట్లమ్మ జాతరకి దోనె మీద కొల్లేటికోట వెళుతూ తీసిన ఫోటో అలికినట్టుంటే దోనె వూగడమే కారణం గాని, ఒడ్డున నిలబడి తీసినదీ మసకగానే వుందంటే లెన్సుకి బూజు పట్టినట్టే. తోలు సంచిలో పెట్టి దాచడం యీ బూజుకి విస్తరి వేసి పిలవడమే. మూత బిగువుగా వున్న డబ్బాలో, చెమ్మ పీల్చే పొట్లం వేసి పెట్టండి.

మీట నొక్కితే బిళ్ళ కదలకపోతే కుట్టుమిషను నూనె మాత్రం పొయ్యకండి. దుమ్ముని పిలిచి, అదే రేపు జిగురవుతుంది. ఫిల్ము లేకుండా ముప్పయి, నలభైసార్లు నొక్కితే చాలామట్టుకు కదులుతుంది. కదలకపోతే దూదిపుల్లకి కాస్త స్పిరిటు అద్ది తుడవాలి. గోళ్ళరంగు తుడిచే మందు దరి చేరనివ్వకండి, ప్లాస్టిక్కుని కరిగించేస్తుంది. ఫిల్ము వేసే ముందు, చీకటిగదిలో కెమేరా వెనక మూత తీసి, లోపల టార్చి వేసి, మూత వొత్తిపెట్టి, బయట వెలుతురు చార యెక్కడైనా కనిపిస్తుందేమో చూడండి.

అయితే ఇవన్నీ చెయ్యడానికి ముందు చెయ్యవలసింది వొకటుంది. అటక మీది కెమేరా పాతసామాన్లవాడికి ఇచ్చేముందు, సరదాకి కూడా వెనక మూత తియ్యకండి. ముందు ఎర్రకిటికీలోకి చూడండి. అంకె గాని, కాగితం గాని కనిపిస్తే లోపల రీలు వుంది. అంకె కనపడకపోయినా, తిప్పే మీట బరువుగా తిరిగితే వున్నట్టే లెక్క. అది తేలికగా తిరిగేదాకా ఆఖరికంటా తిప్పి, నీడపట్టున తీసి, జారకుండా కాగితం అంటించి, నలుపు తెలుపు ఫిల్ము కడిగేవారెవరైనా వుంటే వారికివ్వండి. ఏళ్ళ తరబడి పెట్టెలో పడివున్న నలుపు తెలుపు రీళ్ళలోంచి కూడా బొమ్మలు వచ్చిన సందర్భాలు వున్నాయి. పన్నెండింట్లో మూడో నాలుగో వచ్చినా చాలు. వాటిలో యెండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తొందరగా కానియ్యవయ్యా పాలు పొంగుతున్నాయి అంటున్న మీ అమ్మ వుండవచ్చు.